పసుపు ముక్కు కాకి

నాంచారమ్మ బదరీనాథ్ యాత్రకి బయల్దేరితే దేవుణ్ణి చూడ్డానికేనని పేటలో అందరూ అనుకున్నారు. ఏం దేవుడు! ఆయన మీద కోపం ఎప్పుడు చల్లారిందని? డెబ్భైఏడు ఉప్పెన రోజున దివిసీమలో పడవ కట్టేసి వస్తానని వెళ్ళిన ఒక్కగానొక్క కొడుకు జక్కయ్య తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. దొరకలేదు కాబట్టి పోలేదని ఆవిడ వాదం. విజయవాడ చేరి, వన్ టౌన్‌లో ఎండుచేపల కొట్టు పెట్టుకున్నాక కూడా, రోజూ రాత్రి వాడి కంచంలో అన్నం పెట్టి గుమ్మం పక్కన ఉంచేది. మొగుడు పోలరాజు రెండేళ్ళు చూశాడు. ఇక చూడలేకపోయాడు.

"బదరీనాథ్‌లో బ్రహ్మకపాలం దగ్గర వాడికి పిండం పెడతానే. కాకి ముట్టిందా, ఆ కంచం తీసెయ్యాలి. ముట్టలేదా, నీ మాటే నిజం," అన్నాడు.

"సరే మావా," అంది. ఎందుకనదూ! అంత ఎత్తున కాకులుండవని, అదివరకు వెళ్ళొచ్చిన పక్కింటి రామతులసిగారు చెవిలో వేసిందిగా.

బస్సులోంచి కొండలు చూసింది. రాళ్ళ మీద అడవి గొర్రెలు, లోయలోకి జారుతూనే గడ్డకట్టిపోయిన మంచు ఏరు. అందులో పడ్డ మనిషి ఎన్నేళ్ళకైనా చెక్కుచెదరకుండా బయటపడతాడని తోటి యాత్రికుడెవరో చెప్పాడు.

"మా సముద్రానికి ఆపాటి దయ కూడా లేకపాయె," అంది నాంచారమ్మ పళ్ళు కొరికి.

బ్రహ్మకపాలం దగ్గర పిండాలు పెట్టించే పండా పేరడిగాడు. జక్కయ్య పేరు పోలరాజు రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. పిండం బండ మీద పెట్టారు. ఆకాశం ఖాళీగా ఉంది. "చూశావా మావా!" అని నాంచారమ్మ నోరు తెరవబోయింది. అంతలో నల్లటి పిట్టొకటి తిన్నగా పిండం మీదే వాలింది. ముక్కు పసుపు, కాళ్ళు ఎరుపు.

"హుష్! హుష్! ఇదేం కాకి? ఎర్రకాళ్ళ కాకి ఎక్కడన్నా ఉంటదా?" చెంగు విదిలిస్తూ గంతులేసింది నాంచారమ్మ.

"ఇక్కడ కాకి ఇదే అమ్మా," అన్నాడు పండా వచ్చీరాని తెలుగులో.

పోలరాజు పెళ్ళాం ముఖం చూశాడు. "కాదంటే కాదులే నాంచారీ," అంటూ పిట్టను తోలడానికి భుజం మీది తువ్వాలు తీశాడు.

పిట్ట బెదరలేదు. పిండాన్ని ఆబగా పొడుచుకు తింటోంది. నాంచారమ్మ దాన్నే చూస్తూ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"తోలమాక మావా, తిననీ. ఎంతాకలి మీదున్నాడో చూడు. రెండేళ్ళబట్టీ నేను పెట్టిందంతా కుక్కలే తిన్నాయి."