ఇంకొక్క ఔట్ ఉండగా

సీజన్ ఆఖరి ఆదివారం నాటికి మా హెరాన్స్ బేస్‌బాల్ జట్టు పట్టికలో అందరికన్నా అడుగున ఉంది. హెరాన్ అంటే కొంగ. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, బంతి వచ్చినప్పుడల్లా మావాళ్లు ఒంటికాలి మీద నిలబడి చూస్తూ ఉంటారు. ఏప్రిల్‌లో "ఈ ఏడు మనదే" అన్నాం. జూన్‌లో "ఇంకా బోలెడు ఆటలున్నాయి" అన్నాం. ఆగస్టు నుంచి వేరుశనగకాయలు బాగా వేగాయా లేదా అన్నది తప్ప మాకు మాట్లాడుకోవడానికేమీ మిగల్లేదు.

ఆ రోజు హాట్‌డాగ్‌ల వరసలో మెల్విన్ నన్ను పట్టుకున్నాడు. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, స్టేడియంలో నా ముందు వరసలో కూర్చుంటాడు. అతని పక్క సీటు అడెలాది. భర్త పోయాక ఆవిడ ఒక్కర్తే వస్తుంది. నాలుగు సీజన్లుగా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అంపైర్లను తిట్టడం తప్ప ముందుకు జరిగిందేమీ లేదు. ఆట అవగానే ఆవిడ బస్సు అందుకోవడానికి పరుగెడుతుంది. అన్నేళ్లు బస్సు నడిపినవాడు ఆ ఒక్క బస్సుకీ అడ్డం పడలేకపోయాడు.

"ఒరే ఒట్టో, చలికాలంలో ఓసారి భోజనానికి పిలుద్దామనుకుంటున్నాన్రా."

"ఎవర్ని, అడెలానా?"

"కాదు, అంపైర్‌ని."

"మరి నాలుగేళ్ల నుంచీ ఏం చేస్తున్నావు?"

"వచ్చే ఏడుందిగా అనుకునేవాణ్ణి. ఇప్పుడు మనం కూర్చునే స్టాండ్ పడగొట్టి కొత్తది కడతారంట. ఎవరి సీటు ఏ మూల పడుతుందో ఏమో. ఇవాళ అడక్కపోతే ఇంకంతే."

ఏడో ఇన్నింగ్‌లో ఆనవాయితీ ప్రకారం జనమంతా లేచి పాట అందుకున్నప్పుడు అడిగేయ్, ఆ గోలలో ఎవరికీ వినపడదు, అని సలహా ఇచ్చాను.

సలహా మంచిదే. బంతులు విసిరే మా పిచర్ దాన్ని చెడగొట్టాడు. ఏడాదంతా చితక్కొట్టించుకున్న ఆ కుర్రాడికి ఆ రోజు ఏం పూనిందో, ఎదుటి జట్టులో ఒక్కడికీ బంతి కొట్టి బేసు చేరేంత హిట్ ఇవ్వడం లేదు. ఆట చివరిదాకా అలాగే సాగితే దానికో పేరుంది. హెరాన్స్ పుట్టాక అది ఒక్కసారి కూడా జరగలేదు. జరుగుతుండగా మాత్రం ఆ పేరు పైకి అనకూడదు, అంటే హిట్ పడిపోతుంది. నేనైతే ఇక్కడ రాయడానికి కూడా ఒప్పుకోను. సీటు మారకూడదు, లేవకూడదు. మా స్టాండ్‌వాళ్లకి నిష్ఠ మరీ ఎక్కువ, అసలు నోరే విప్పరు.

ఏడో ఇన్నింగ్‌లో స్టేడియమంతా లేచి పాడింది. మేం మాత్రం చావు ఇంట్లో చుట్టాల్లా కూర్చున్నాం. మెల్విన్ గొంతు సవరించుకుని అడెలా వైపు తిరిగాడు. ఆవిడ మైదానం మీంచి చూపు తిప్పకుండానే అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి తీసేశాక కూడా మెల్విన్ కాసేపు ఊపిరి తీసుకోలేదు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్ వచ్చింది. రెండు ఔట్లు పడ్డాయి, ఇంకొక్కటి పడితే చాలు. అడెలా అప్పటికే సంచి భుజానికి తగిలించుకుని సీటు అంచుకి జరిగింది. అది చూసి మెల్విన్‌కి మతి పోయింది.

"అడెలా గారూ, చలికాలంలో మీరు..."

బ్యాట్ ఠాప్పుమంది. బంతి వెళ్లి మా ఫీల్డర్లిద్దరి మధ్యా పడింది. నువ్వు పట్టుకుంటావంటే నువ్వు పట్టుకుంటావని ఒకరినొకరు చూసుకుంటూ ఇద్దరూ నిలబడిపోయారు.

స్టాండంతా మెల్విన్ వైపు తిరిగింది. నేను కూడా తిరిగాను, అబద్ధమెందుకు.

"ఎవడ్రా నోరు తెరిచింది?" అన్నారెవరో పై వరసల్లోంచి.

"ఆ బస్సాయనే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక్కనాడూ టైముకి రాలేదు, ఇప్పుడొచ్చింది తొందర."

అడెలా మొహం ఎర్రబడింది. "నాలుగేళ్లు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు. ఇంకొక్క ఔట్ ఆగలేకపోయావా?"

తర్వాతి బంతికే ఆ ఔట్ కూడా పడింది. గెలిచాం, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. మెల్విన్ టోపీ చేతిలో పట్టుకుని, తల దించుకుని లేచాడు.

"కూర్చో," అంది అడెలా.

"మీ బస్సు..."

"బస్సు సంగతి నేను చూసుకుంటా. చలికాలంలో నేను, ఏంటి? ఇంత నాశనం చేసి సగంలో వదిలేస్తావా?"

తిడుతున్నవాళ్లు కూడా ఆగి చెవులు రిక్కించారు.

"మా ఇంటికి భోజనానికి వస్తారేమోనని," అన్నాడు మెల్విన్, నేలకేసి చూస్తూ. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే."

అడెలా మైదానం వైపు చూసింది. అక్కడ కుర్రాళ్లు అప్పుడే బేసులు పీకేస్తున్నారు.

"ఇవాళ్టితో ఆటలైపోతే మళ్లీ ఏప్రిల్ దాకా నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి లేడు మెల్విన్," అంది. "నాకు అన్ని రోజులూ వీలే. రేపు రానా?"

మెల్విన్ తల ఊపి, అప్పుడు కూర్చున్నాడు.