ఎర్రపెన్ను రాసిన జవాబు

పేటెంటు కార్యాలయంలో దరఖాస్తులు పరిశీలించే ఆ అధికారిణిని అందరూ వెనకాల కత్తెరమ్మ అనేవారు. పాతికేళ్లలో ఆమె బల్ల మీదికి వచ్చిన దరఖాస్తుల్లో ముప్పాతిక వంతు అక్కడే తెగిపోయాయి. ఆ పేరు తన చెవిన పడినా ఆమె నొచ్చుకోలేదు. లోలోపల మురిసిపోయింది కూడా.

ఆ రోజు విచారణ చెత్త మెయిళ్లను ఏరేసే ఒక సాఫ్ట్‌వేర్ గురించి. దాన్ని తయారుచేసిన ఇంజినీరు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె బడిలో లెక్కల టీచరు. ల్యాప్‌టాప్‌కు వైర్లు తగిలించి, గోడవార కుర్చీలో ఒదిగి కూర్చుంది.

"ఈ పనిలో ఆవిడ చెయ్యి కూడా ఉందా?" అని అడిగింది కత్తెరమ్మ.

"అబ్బే, తోడు వచ్చిందంతే. తనకివేం తెలీవండీ," అని నవ్వాడు ఇంజినీరు.

తర్వాత తన గొప్ప చెప్పుకున్నాడు. ఇప్పుడున్నవన్నీ మెయిల్లోని మాటలు చూస్తాయి, పంపినవాడి చిరునామా చూస్తాయి. మోసగాళ్లు ఆ రెండూ ఇట్టే మార్చేస్తారు. తనది వాటి జోలికే పోదు. ఒకచోటి నుంచి వచ్చే మెయిళ్ల మధ్య ఎంతెంతసేపు ఎడం ఉందో కొలుస్తుంది. మనిషి తోచినప్పుడు రాస్తాడు, మధ్యలో ఆగిపోతాడు. యంత్రం ఎంత నటించినా ఆ తడబాటు దానికి రాదు, లెక్కలో దొరికిపోతుంది.

"ఇంతవరకూ ఎవరి బుర్రకీ తట్టలేదండీ," అన్నాడు.

కత్తెరమ్మ ఒక కాగితం అతని ముందుకు జరిపింది. అది ఐదేళ్ల కిందట ఇంటర్నెట్‌లో ఒక ప్రశ్నల వేదిక మీద వచ్చిన జవాబు. ఎవరో లైబ్రేరియన్ చెత్త మెయిళ్లతో వేగలేకపోతున్నానని మొరపెట్టుకుంటే, 'ఎర్రపెన్ను' అనే పేరుతో ఒకరు ఇదే ఉపాయం సూత్రంతో సహా రాసిచ్చారు.

ఇంజినీరు కాగితం చదివి, రాత్రుళ్లు ఎర్రపెన్నుతో పిల్లల పేపర్లు దిద్దే భార్య కూర్చున్న గోడవార కుర్చీ వైపు తిరిగాడు.

"నువ్వా?"

"ముందు మీకే చెప్పాను, అన్నం తింటుంటే. వాగకుండా తినమన్నారు," అంది భార్య. "పాపం ఎవరో అడిగారని రాశాను."

విచారణ అక్కడితో ముగించవచ్చు. ఎవరు రాసినా సరే, దరఖాస్తుకు ఏడాదికి పైగా ముందే బయటపడిన ఉపాయం కొత్తది కాదన్నది నియమం. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఇలాంటి తమాషా కత్తెరమ్మకు చాలాకాలంగా దొరకలేదు.

"ఇందులో తప్పులుంటే చూపించండి, వింటాను," అంది.

ఇంజినీరు తన భార్య రాతను వరుసవారీగా చీల్చి చెండాడాడు. ఇది సూత్రం కాదు, చిన్నపిల్లల కూడిక అన్నాడు. వంటింట్లో కూర్చుని చేసిన ఊహ అన్నాడు. అతను ఆగినప్పుడల్లా కత్తెరమ్మ "ఇంకా?" అంటూ ఎగదోసింది. నలభై నిమిషాలు గడిచాక భార్యను అడిగింది.

"మీరేమంటారు?"

"పని చేస్తుందండీ. నడిపి చూడండి."

"నిన్ననే చూశాను. వెయ్యి చెత్త మెయిళ్లలో ఆయనది తొమ్మిది వందల పది పట్టింది. మీ సూత్రం తొమ్మిది వందల నలభై."

ఇంజినీరు చెవులు ఎర్రబడ్డాయి. "నా నోటుబుక్కు చూసి రాసిందని రుజువు చేస్తే?" అన్నాడు.

చేసినా ఒరిగేదేమీ లేదని కత్తెరమ్మకు తెలుసు.

"రాసివ్వండి, చూస్తాను," అంది.

మూడు వారాలకు ఒక కవరు వచ్చింది. రెండు పేజీల నిండా గుండ్రటి చేతిరాత. తనకు ఈ విషయంలో ఓనమాలు కూడా రావనీ, భర్త నోటుబుక్కులోంచి దొంగచాటుగా ఎత్తి గొప్ప కోసం రాశాననీ ఆ భార్య ఒప్పుకుంది. సాక్షి సంతకం ఆమె పనిచేసే బడి హెడ్మిస్ట్రెస్‌ది.

కత్తెరమ్మ దాని కింద ఒక్క వాక్యం రాసింది. ఎవరు రాసినా ఐదేళ్ల కిందటే బయటపడింది కాబట్టి కొత్తది కాదు, తిరస్కరించడమైనది. రివాజు ప్రకారం ఆ రెండు పేజీలూ కార్యాలయం వెబ్‌సైట్‌కెక్కాయి.

"ఈ మాట ఆ రోజే చెప్పుంటే ఆవిడకు ఈ ఖర్మ తప్పేది కదా మేడమ్?" అన్నాడు పక్క బల్ల గుమాస్తా.

"వాళ్లు అడగలేదు," అంది కత్తెరమ్మ.

మరో నెలకు ఆ టీచరే ఫోన్ చేసింది. పిల్లల తల్లిదండ్రులు ఆ కాగితం చూశారట. దొంగతనం ఒప్పుకున్న మనిషి లెక్కలు చెప్పడమేమిటని గొడవ చేస్తే, ఆమెను తరగతుల నుంచి తప్పించి హాజరు పుస్తకాల పనికి వేశారట.

"దాన్ని తీసేయడానికి వీలవుతుందా అండీ?"

"ఒకసారి రికార్డుకెక్కితే తీయరు."

"అందులో రాసిందంతా అబద్ధమండీ."

"తెలుసు."



"పోనీ, నా సూత్రం పని చేసిందని మీరన్నారు కదా. అదైనా మీ రికార్డులో ఎక్కడైనా రాశారా?"

"లేదమ్మా," అంది కత్తెరమ్మ, ఇంకో ఫైలు ముడి విప్పుకుంటూ. "దాని అవసరం రాలేదు."