గాడిలో బూటు గుర్తులు

ఆ నెలలో అది మూడోసారి. ఆర్డిస్ టోలెఫ్సన్ పార్కు వాళ్ళ మంచుబండి ఆపి, దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. సోమవారం తెల్లవారకముందే లేచి స్కీ చెక్కలు జారడానికి తను మంచులో తీసిన గాడి మంగళవారం మధ్యాహ్నానికి సర్వనాశనమైంది. ఎవడో బూట్లేసుకుని సరిగ్గా గాడిలోనే నడిచాడు. ఒకటీ రెండూ అడుగులు కాదు, ఏటి వంతెన దాకా మూడు మైళ్ళు. ఎడమ మడమ దగ్గర అట్టకి మూడు మూలల ముక్క ఊడిపోయిన బూటు అది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గాడిలో పడ్డ అడుగు ఒక్క రాత్రిలో రాయిలా గడ్డకడుతుంది. ఆ గుంటలో స్కీ దిగిందంటే మనిషి బోర్లా పడాల్సిందే. నడిచేవాళ్ళు ఎడమ అంచున నడవాలని కాల్డర్ ఫాల్స్‌లో పాలపళ్ళు ఊడని పిల్లలకి కూడా తెలుసు. పైగా పార్కు గేటు దగ్గర నిలువెత్తు బోర్డుంది.

ఇరవై రెండేళ్ళుగా ఆ గాడి తీస్తున్నది ఆర్డిసే. బడి బస్సు నడిపిన రోజుల్లోనూ తీసింది, రిటైరయ్యాకా తీస్తోంది. ఎవరూ జీతమివ్వలేదు, ఆమె అడగలేదు. చలికాలం ఐదు నెలలూ ఇళ్ళలో మగ్గిపోయే ఊరికి ఆ మూడు మైళ్ళే ఊపిరి అని ఆమె నమ్మకం. ఇప్పుడు దానికీ గండం వచ్చింది. స్కీ దారిని ఉంచాలా, ఎత్తేసి నడకదారి చెయ్యాలా అన్నది బుధవారం సాయంత్రం కౌన్సిల్ తేల్చబోతోంది. ఎత్తేద్దామన్నది పార్కుల అధికారి కెంట్ బ్రోడెన్.

బుధవారం మీటింగులో కెంట్ గోడ మీద ఫోటోలు వేశాడు. నలభై నాలుగేళ్ళవాడు. మాట మెత్తన, నవ్వు చల్లన.

“నిన్న దారి పొడుగునా నేనే స్వయంగా తిరిగొచ్చానండీ. ఒక్క స్కీ గుర్తు కూడా కనపడలేదు. అన్నీ నడిచేవాళ్ళ అడుగులే, చూడండి. జనానికి కావాల్సింది నడకదారి. స్కీలు ఎవరిక్కావాలండీ?”

ఆర్డిస్ గోడ వంక చూసింది. గాడి మధ్యలో ఎడమ అడుగు, మడమ దగ్గర మూడు మూలల చిల్లు. మరో ఫోటోలోనూ అదే. ఆ తర్వాతి దాంట్లోనూ అదే. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ ఊళ్ళో ఎవరికైనా పట్టరాని కోపం వస్తే “అదొక పద్ధతిలే” అంటారు. అంతకు మించి నోరు జారడం అక్కడ మర్యాద కాదు. అరవై ఆరేళ్ళలో ఆర్డిస్ కూడా ఆ గీత దాటలేదు.

“కెంట్, నీ ఎడమ కాలు ఈ బల్ల మీద పెట్టు,” అంది లేచి నిలబడి.

“ఏంటండీ ఆర్డిస్ గారూ?”

“ఎనిమిదేళ్ళు నా బస్సెక్కావు. తడి బూట్లు సీటు మీద పెట్టొద్దురా అని రోజూ మొత్తుకునేదాన్ని. ఇవాళ పెట్టమంటున్నా. పెట్టు!”

ఎవరో కిసుక్కున నవ్వారు. కెంట్ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు కుదరలేదు. తప్పేది లేక కాలెత్తి బల్ల మీద పెట్టాడు. మడమ దగ్గర అట్ట మూడు మూలలుగా ఊడి ఉంది.

“గాడిని తొక్కింది నువ్వు. తొక్కి, ఫోటో తీసి, జనం నడుస్తున్నారని చెప్తున్నదీ నువ్వే!”

“నిన్న సన్నగా మంచు పడిందండీ,” అన్నాడు కెంట్. అతని మొహం కందగడ్డలా అయింది. “గాడి ఎక్కడుందో కనపడలేదు. తెలీక తొక్కానండీ, ఒట్టు.”

ఏడుగురు సభ్యులూ కాగితాల్లోకి తలలు దించుకున్నారు. గాడి ఉంచాలని చెయ్యెత్తితే కెంట్‌ని మొహం మీదే అబద్ధాలకోరు అన్నట్టవుతుంది. అంత మాట ఎలా అనగలరు, పాపం! నలుగురు స్కీ దారి ఎత్తేయమన్నారు, ముగ్గురు ఉంచమన్నారు.

మీటింగు అయ్యాక కాఫీలు పోశారు. ఎత్తేయమన్న నలుగురిలో ఒకతె మేవిస్, ఆర్డిస్‌కి చిన్ననాటి స్నేహితురాలు, కాగితం పళ్ళెంలో ఖర్జూరం బిళ్ళలు పట్టుకొచ్చింది.

“మనసులో నేను నీ పక్షమేనే ఆర్డిస్. ఒకటి తీసుకో, పొద్దున చేశాను.”

“నీ మనసుకి చెయ్యి లేదా ఎత్తడానికి?” అని ఆర్డిస్ పళ్ళెం పక్కకి నెట్టేసింది. పార్కు మంచుబండి షెడ్డు తాళంచెవి కెంట్ ముందు పడేసి, “సిగ్గు లేదట్రా నీకు?” అని గట్టిగానే అంది. ఆ మాట గదిలో అందరికీ వినిపించింది. వినపడనట్టు అందరూ కాఫీ తాగారు.

గురువారం కొత్త మంచు పడింది. శుక్రవారం తెల్లవారగానే ఆర్డిస్ తన గ్యారేజీలోంచి పాత చెక్క చట్రం బయటికి తీసింది. మంచుబండి రాని రోజుల్లో గాడి తీసింది దానితోనే. పైన రెండు బండరాళ్ళు పెట్టి, తాడు నడుముకి కట్టుకుని, స్కీల మీద లాగింది. రెండు గంటలు లాగితే అర మైలు గాడి పడింది. నడుం విరిగినంత పనైంది. ఆ రాత్రి దాని మీద మళ్ళీ బెత్తెడు మంచు పడింది.

శనివారం మేవిస్ ఆమెను వెతుక్కుంటూ పార్కుకొచ్చేసరికి ఆర్డిస్ మళ్ళీ నడుముకి చట్రం తాడు కట్టుకుని ఉంది. గాడి పైపైన మంచు కప్పేసి, ఎక్కడుందో కళ్ళు చిట్లించి చూస్తే గానీ తెలియడం లేదు. ఎడమ అంచున మాత్రం బూటు అడుగులు ఒక వరసలో సాగాయి. మడమ దగ్గర మూడు మూలల చిల్లు. గాడికి బారెడు దూరంలో, అర మైలు పొడవునా, ఒక్క అడుగు కూడా దాన్ని తాకలేదు. గాడి మలుపు తిరిగిన చోటల్లా అడుగులూ మలుపు తిరిగాయి.

“చూశావా, బుద్ధొచ్చింది పాపం,” అంది మేవిస్. “ఇంక కోపం వదిలెయ్యవే.”

ఆర్డిస్ ఆ అడుగుల మీదికి వంగింది. చెంపలు ఎర్రబడ్డాయి, చలికి కాదు.

“బుద్ధి రావడం కాదే. మంగళవారం పడ్డ సన్న మంచులో గాడి కనపడలేదన్నాడు. ఇవాళ బెత్తెడు మంచులో ఎలా కనపడిందే వాడికి?”

ఆర్డిస్ తాడు ఇంకో చుట్టు నడుముకి బిగించుకుని చట్రం లాగడం మొదలుపెట్టింది.