మూడో చరణం

"ఇంకో వారం ఓపిక పట్టు, తాస్యా. ఆ తర్వాత ఈ కాలర్లకి గంజి పెట్టే బాధ నీకుండదు," అన్నాడు ఇన్నొకెంతి, టీలో చక్కెర కలుపుకుంటూ.

తైసియా ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని, మొగుడి ఈ మాటకి సంతోషించాలో వద్దో తేల్చుకోలేక నిలబడింది. వారానికి ఆరు కాలర్ల చొప్పున, పెళ్ళయిన పదిహేడేళ్ళకి ఎన్నవుతాయో లెక్క కట్టే తీరిక కూడా ఆమెకి ఎప్పుడూ దొరకలేదు. లెనిన్‌గ్రాద్‌లో ప్రతి పెద్ద సినిమా హాలుకీ ఒక చిన్న వాద్యబృందం ఉండేది. ఆట మొదలయ్యేలోపు ముందు హాల్లో కూర్చున్న జనానికి అరగంట సేపు పాటలు వినిపించడం దాని పని. వీళ్ళ బృందంలో ఐదుగురు. నాయకుడు ఇన్నొకెంతి, ఫిడేలు అతనిది. పాట తైసియాది. ఇప్పుడా బృందాల్ని ఒక్కొక్కటిగా ఎత్తేస్తున్నారు. వీళ్ళది వచ్చే ఆదివారంతో సరి. వాళ్ళు కూర్చునే వేదిక పీకేసి అక్కడ సోడా యంత్రాలు పెడతారట.

ఆ ముందు హాల్లో పాడటమంటే ఏమిటో పాడినవాళ్ళకే తెలుస్తుంది. జనం ఐస్‌క్రీమ్ చప్పరిస్తుంటారు, పిల్లల ముక్కులు తుడుస్తుంటారు, చదరంగం ఆడుతుంటారు. ఆట మొదలవుతోందని కొట్టే మొదటి గంటకి సగం మంది లేస్తారు. మూడో గంట కొట్టగానే కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమంటాయి. ఇన్నొకెంతి ఫిడేలు కమాను పైకెత్తుతాడు. పాట ఎక్కడుంటే అక్కడే ఆగిపోవాలి. ఒకసారి ఆమె బాధపడితే, "వాళ్ళు సినిమాకొచ్చారు తాస్యా, నీకోసం కాదు," అని నవ్వాడు. అత్తగారు గ్లఫీరా అయితే ఆ పనిని పనిగానే ఒప్పుకోలేదు. "నోరు తెరిచి పాడితే ఒళ్ళేం అరుగుతుందే? వాడి చెయ్యి చూడు, ఎలా కాయలు కాసిందో!" అనేది. అందుకని ఫిడేలు వాయించిన చెయ్యి ఇంటికి రాగానే విశ్రాంతి తీసుకునేది, పాడిన మనిషి బంగాళాదుంపలు తొక్క తీసేది.

జనం ఆమె పాట చివరిదాకా విన్నది ఒక్క యుద్ధంలో, జర్మన్లు ఊరిని ముట్టడించిన రోజుల్లోనే. నలభై మూడు చలికాలం. కోటు మీద శాలువా చుట్టుకుని, ఫెల్టు బూట్లతో పాడేది. నోట్లోంచి ఆవిరి వచ్చేది. గంట కొట్టినా కొందరు లేచేవారు కాదు. పాట మీద ప్రేమతో కాదు, ఆకలికి లేచే ఓపిక లేక. అయినా వాళ్ళు విన్నారు. ఆ మొహాల్ని ఆమె మర్చిపోలేదు.

"నువ్వు ఖాళీగా ఉండిపోతావని దిగులుపడకు. మన హాలు రిమ్మా పావ్లొవ్నాతో మాట్లాడేశాను. ఒకటో తారీకు నుంచి అక్కడే, జనం విప్పిన కోట్లు దాచే గదిలో. కూర్చునే పని, వెచ్చగా కూడా ఉంటుంది," అన్నాడు ఇన్నొకెంతి. తనకి సంగీత పాఠశాలలో ఉద్యోగం ముందే చూసుకున్నాడు.

"నన్నడగలేదు."

"అడిగేదేముంది? నీ మంచి నేనెప్పుడు చూడలేదు? అప్పుడు స్టూడియోవాళ్ళు ఫోన్ చేసినప్పుడు కూడా..."

"ఏ స్టూడియో?"

"అదే, గడ్డకట్టిన సరస్సు మీద లారీ నడిపే అమ్మాయి సినిమా. ఆ పాటకి గొంతు చూడాలి, రమ్మన్నారు. ముందు హాల్లో ఎవరో నీ పాట విన్నారట." ఆమె మొహం చూసి ఆగాడు. "నీకు చెప్పలేదా?"

"లేదు."

"చెప్పాననుకున్నానే! జ్వరంతో ఉందన్నాను. నువ్వెళ్ళిపోతే ఇక్కడ పాడేదెవరు? ఐదుగురి తిండి పోయేది. పైగా అమ్మ కూడా అప్పుడు మంచం మీద ఉంది కదా."

"వాడికి ఎన్నని గుర్తుంటాయి!" అంది తెర వెనక మంచం మీంచి గ్లఫీరా. "ఎనిమిదేళ్ళ నాటి ముచ్చట. నా టీ చల్లారిపోతోందమ్మాయ్."

తైసియా టీ తీసుకెళ్ళి ఇచ్చింది. చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోతుంటే, ఆమె మనసు మాత్రం ఎనిమిదేళ్ళ వెనక్కి వెళ్ళి, ఇంట్లోని కుటుంబాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న వంటింట్లో నిలబడింది. ఫోన్ మోగిన రోజు ఆమెకి గుర్తుంది. మంచంపట్టిన అత్తగారి దుప్పట్లు ఉడకేస్తోంది. నడవాలో ఇన్నొకెంతి మాట్లాడుతుంటే, చేతుల నురగ తుడుచుకోకుండానే, "ఎవరు?" అని కేకేసింది. "ఎవరో, రాంగ్ నంబరు," అన్నాడు. ఆమె మళ్ళీ దుప్పట్ల మీదికి వంగింది. ఆ సినిమా వచ్చింది, దేశమంతా ఆ పాట పాడింది. ముందు హాల్లో రోజూ అదే పాట కావాలన్నారు. తెర మీద పెదవులు కదిపినది ఒకామె, గొంతు ఇంకొకామెది. తలుపు దగ్గర నిలబడి ఆ గొంతుని పదేపదే విని నేర్చుకుంది తైసియా, రెండో చరణంలో ఆమె ఊపిరి ఎక్కడ తీసిందో కూడా వదలకుండా. "అచ్చం సినిమాలోలాగే పాడుతున్నావమ్మా," అని ముసలివాళ్ళు మెచ్చుకుంటే, సిగ్గు లేకుండా సంతోషించింది కూడా. ఇన్నాళ్ళూ తనని తానే అనుకరించడానికి తంటాలు పడిందా? లేదు, అదీ నిజం కాదు. వెళ్ళి పాడి ఉంటే వాళ్ళు వద్దనేవారేమో. వద్దనిపించుకునే అవకాశం కూడా తనది కాకుండా పోయింది. దీనికి ఎవరి దగ్గరికెళ్ళి ఏడవాలి? ఇన్నొకెంతి తాగడు, కొట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. వంటింట్లో ఆడవాళ్ళు ఆమెని చూసి కుళ్ళుకుంటారు. ఏడవడానికి కూడా సాకు దొరకనంత మంచి మొగుడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటి ఆటకి చివరిసారి పాడారు. ఎప్పటిలాగే ఆ పాటే అడిగారు. మొదటి రెండు చరణాల్లో లారీ అమ్మాయి తన సైనికుడి కోసం ఎదురుచూస్తుంది. మూడో దాంట్లో మంచు కరిగిపోతుంది, ఆమె ఇక ఎదురుచూడదు. ముందు హాల్లో ఆ మూడో చరణం ఎవరూ వినలేదు.

రెండోది పూర్తవుతుండగా మూడో గంట కొట్టింది. ఇన్నొకెంతి కమాను పైకెత్తాడు. పియానో, అకార్డియన్, అన్నీ ఆగిపోయాయి. తైసియా ఆగలేదు.

"తాస్యా! గంట కొట్టారు," అన్నాడతను పళ్ళ బిగువున.

ఆమె పాడుతూనే ఉంది. అద్భుతమేమీ జరగలేదు. జనం లోపలికి వెళ్ళిపోతూనే ఉన్నారు. కోటు చేతిమీద వేసుకున్న ఒకావిడ మాత్రం గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది. చివరి పంక్తిలో పాట బాగా పైకి వెళ్ళాలి. తైసియా వెళ్ళింది. సగం దూరంలో గొంతు చీలింది. మళ్ళీ అందుకోబోయింది, అందలేదు. ఎనిమిదేళ్ళ క్రితం ఆ స్వరం ఆమె దగ్గర ఉంది. దుప్పట్లు ఉతుకుతూ అవలీలగా అందుకునేది. ఇప్పుడు స్టూడియోవాళ్ళు మళ్ళీ పిలిచినా వెళ్ళడానికి లేదు. ఆ సంగతి ఆమెకి తెలిసిపోయింది. మిగిలిన మాటల్ని కింది స్థాయిలోనే పాడి ముగించింది.

గుమ్మంలో ఆవిడ తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

హాలు నిర్వాహకురాలు రిమ్మా పావ్లొవ్నా తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చింది. "ఆఖరి రోజని ఊరుకున్నాను. సరే, తైసియా ల్వోవ్నా, ఒకటో తారీకు పొద్దున తొమ్మిదికల్లా వచ్చేస్తారుగా?"

"వస్తుంది," అన్నాడు ఇన్నొకెంతి, ఫిడేలు పెట్టెలో సర్దుతూ.

"ఆవిడ అడిగింది నన్ను, కేషా," అంది తైసియా మొగుడితో. తర్వాత రిమ్మా వైపు తిరిగింది. "రానండీ."

రిమ్మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తనకెందుకులే అన్నట్టు వెళ్ళిపోయింది. ఇన్నొకెంతి పెట్టె మూత అలాగే పట్టుకుని ఉండిపోయాడు. అతని మొహంలో కోపం లేదు, నిజంగానే అర్థంకాకపోవడం ఉంది.

"రాకపోతే మరి నువ్వేం చెయ్యాలనుకుంటున్నావ్?"

పెళ్ళయిన పదిహేడేళ్ళలో అతను ఆమెని ఈ మాట అడగడం ఇదే మొదటిసారి. ఆమె దగ్గర జవాబు ఉన్న రోజుల్లో అతను అడగలేదు.