దొరగారికి దండం

"రొట్టె బోర్లా పెట్టిందెవరు?" అంది మా అత్త నున్సియాతా.

నేనే. రొట్టె బోర్లా ఉంటే ఇంటికి కీడని మా ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. తిప్పి పెట్టాను.

"పట్నం చదువులో ఇది చెప్పలేదేమో."

"ఇంకా ఏం కీడు రావాలి అత్తా?"

"రొట్టె మీద కూడా కొట్టుకోవాలా?" అని నా మొగుడు సవేరియో అరిచాడు. విటో పోయాక మా ఇంట్లో ఏ గొడవా అంతకు మించి సాగడం లేదు.

విటో నా మరిది. ఊరి బయట పియెత్రానేరాలో దొర భూమి తరాలుగా బీడు పడి ఉంది. యుద్ధం అయ్యాక, అలాంటి బీడు కూలీ సంఘాలు దున్నుకోవచ్చని ప్రభుత్వమే చట్టం చేసింది. పలుగులు, గాడిదలు తీసుకుని ఊరంతా వెళ్లాం. దొర కబురు పెడితే పోలీసులొచ్చారు. విటో వంగి గాడిద పగ్గం విప్పుతున్నాడు. కాల్చారు. నేను పక్క సాల్లోనే ఉన్నాను. గాడిద పారిపోలేదు, మేస్తూనే ఉంది. నాకు బాగా గుర్తున్నది అదే. ఏడుపు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు.

ఆదివారం దొనాతో స్వామి పండగ. ఇరవై మంది స్వామిని భుజాల మీద ఊరేగిస్తారు. దివాణం ముందు ఆగుతారు. అందరూ ఒక్కసారే మోకాళ్లు వంచుతారు, విగ్రహం కిందకి వంగుతుంది, పైన బాల్కనీలో దొర టోపీ ఎత్తుతాడు. దీన్నే మా ఊళ్లో దండం అంటారు. ముందు వరసలో మోసేది సవేరియో.

ఈసారి దండం చూశాకే మా కౌళ్లు ఉంచేదీ లేనిదీ చెబుతానని దొర కబురంపాడు.

శనివారం మధ్యాహ్నం నూనె గానుగ దగ్గర మోసేవాళ్లందరూ కూడారు. ఫాదర్ లిబోరియో కూడా వచ్చారు.

"నాలుగు వందల ఏళ్ల ఆచారం. ఈ ఊరికి మిగిలిన వారసత్వం ఇదొక్కటే. పాడు చేసుకోకండి," అన్నారు.

రాళ్లు కొట్టే కటాల్దో లేచాడు. "వారసత్వం మీది, మోకాళ్లు మావీనా ఫాదర్?"

తలుపు దగ్గర ఆడవాళ్లలోంచి మా అత్త మాట్లాడింది. "మా మామ చెప్పేవాడు, అసలది దండమే కాదంట. దివాణం ముందు ఎత్తెక్కాక భుజం మార్చుకోడానికి కిందకి వంచేవాళ్లు. బాల్కనీలో ఉన్న దొర తనకే అనుకుని టోపీ తీశాడు. మీక్కాదు బాబూ అనడానికి ఎవరికీ నోరు రాలేదు."

"అంటే ఇన్నాళ్లూ భుజం నొప్పికి పండగ చేశామా!"

"మా తాత ఇంకోలా చెప్పాడే."

"మీ తాత ఎప్పుడు తాగకుండా చెప్పాడ్రా?"

అందరూ నవ్వారు. సవేరియో నవ్వలేదు. "నేను వంగను. వాడు మా తమ్ముణ్ణి చంపించాడు," అన్నాడు.

"నేను వంగుతా," అన్నాడు వెనక వరసలో మోసే జెరార్దో. "కౌలు పోతే నా పిల్లలకి నువ్వు పెడతావా?"

"సగంమంది వంగి సగంమంది నిలబడితే స్వామి మన మీదే పడతాడు," అన్నాడు కటాల్దో. "చచ్చేది దొర కాదు, మనం."

వంగితే అందరూ వంగాలి, లేకపోతే ఎవరూ వంగకూడదు. ఐకమత్యం మీద నేను చాలా ఉపన్యాసాలు విన్నాను. అది ఇంత బరువుగా భుజం మీద ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

"మరి నా కౌలు?" అన్నాడు జెరార్దో మళ్లీ.

"నీది లాక్కుంటే ఆ చేను మేమెవరం కౌలుకి పట్టం. అందరివీ లాక్కుంటే దొరే నాగలి పట్టుకోవాలి," అన్నాడు కటాల్దో.

"ఆ బొజ్జేసుకునా?" అన్నాడు జెరార్దో. తర్వాత నవ్వకుండానే, "సరే. వంగను," అన్నాడు.

ఫాదర్ లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు వంగనన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం శనగలు, సేమియా వండాను. ముగ్గురం బల్ల దగ్గర కూచున్నాం. గంట మోగితే సవేరియో గుడికి వెళ్లాలి.

మా అత్త చెంచా కింద పెట్టింది.

"దండం పెట్టకపోతే చాలదు," అంది. "దివాణం దగ్గర ఆగొద్దు. స్వామిని తిన్నగా పియెత్రానేరా బీడుకి మొయ్యండి. ఇవాళే దున్నడం మొదలెడతాం. పొద్దున ఇల్లిల్లూ తిరిగొచ్చా. ఆడవాళ్లందరూ పలుగులు తెస్తారు."

సవేరియో తల్లి వైపు చూశాడు. "అక్కడ పోలీసులున్నారమ్మా."

"తెలుసు. అందుకే ముందు మేం నడుస్తాం."

"వద్దమ్మా."

"నిన్ను అడగడం లేదు. చెబుతున్నా."

అతను నా వైపు తిరిగాడు. నువ్వైనా చెప్పు అన్నట్టు.

"నేనూ వస్తున్నా," అన్నాను.

అత్త గిన్నె అందుకుని, అడుగున ఉన్న శనగలన్నీ కొడుకు పళ్లెంలో వేసింది.

"తిను," అంది. "ఇవాళ దూరం మొయ్యాలి."