కింద నా సంతకం

నాన్న పోయాక నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు నా మొహం చూసి, పాపం షాక్‌లో ఉంది అనుకున్నారు. షాకూ లేదు, పాడూ లేదు. మనసు మొద్దుబారిపోయింది, అంతే. తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను, ప్లీడరు దగ్గరికి పదమంటే చెప్పులు వేసుకున్నాను.

ప్లీడరుగారి గది మేడ మీద. కింద జిరాక్సు షాపు. ఆ మిషను నడిచినప్పుడల్లా కాళ్ళ కింద నేల సన్నగా అదిరేది. బల్లకి ఇటువైపు అన్నయ్య, వదిన, నేను కూర్చున్నాం. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్. డ్యూటీ మధ్యలో లేచి వచ్చాడేమో, గోళ్ళలో గ్రీజు అలాగే ఉంది. మా దుకాణం పని నావల్ల కాదని వాడు డిపోలో చేరినప్పటినుంచీ నాన్న వాడితో ముక్తసరిగా మాట్లాడేవాడు. వానొస్తుందా, బస్సులు తిరుగుతున్నాయా, అంతవరకే.

మొదట నోరు విప్పింది వదిన. మామయ్యగారి అప్పుకి మా ఆయన జీతం పట్టుకుపోతారా అని అడిగేసింది. ప్లీడరు రోజూ ఇదే ప్రశ్న వినేవాడిలా ఓపిగ్గా చెప్పాడు. మీరు హామీ సంతకం పెట్టి ఉంటే తప్ప తండ్రి అప్పుకి పిల్లల జేబు జోలికి ఎవరూ రారు. ఆయన వదిలిపోయిన ఆస్తిలోంచి ముందు అప్పు తీరాలి, మిగిలిందే వారసులది. ఆస్తి చాలకపోతే ఆ నష్టం అప్పిచ్చినవాళ్ళదే. వదిన హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

నాన్న వదిలిపోయింది దుకాణం ఒక్కటే. త్రాసులు, తూకం మిషన్లు బాగుచేసే దుకాణం, వెనకాల ఒక గది. నేనుండేది ఆ గదిలోనే. నాకు వచ్చిన పనీ ఆ త్రాసుల పనొక్కటే. దుకాణం మొత్తం నాకే చెందాలని నాన్న వీలునామా రాశాడు. అప్పు నెలనెలా కడతానంటే, అప్పిచ్చిన సొసైటీవాళ్ళూ సరేనన్నారు. అంచేత ఆ పూట నాకు బెంగేమీ లేదు. గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

ప్లీడరు వీలునామా చివరి పేజీ దగ్గర ఆగాడు.

"ఈ రెండో సాక్షి సంతకం ఎవరిదమ్మా?"

"నాదే."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. నాన్న త్రాసు బాగుచేసి, చీటీ రాసి సంతకం పెడతాడు. నేను మళ్ళీ రాళ్ళు వేసి తూచి, కింద నా సంతకం పెడతాను. ఆ రెండోది పడకుండా ఏ త్రాసూ గడప దాటదు. వీలునామా కూడా నాన్న ఆ బల్లమీదే రాశాడు. పక్క షాపు తాళాల మేస్త్రీ సాక్షిగా సంతకం పెట్టి వెళ్ళాడు. తర్వాత నాన్న కాగితం నావైపు జరిపాడు. మా ఇద్దరికీ ఏ అనుమానమూ రాలేదు. తప్పులు పట్టడమే నా పని కదా, మొదటినుంచీ చివరిదాకా చదివాను. తప్పేమీ కనబడలేదు. పెట్టేశాను.

మా క్రైస్తవులకి వర్తించే చట్టంలో, వీలునామా వల్ల లాభం పొందేవాళ్ళు దానికి సాక్షి సంతకం పెట్టకూడదట. పెడితే కాగితం చెల్లుతుంది గానీ, వాళ్ళకి రాసింది చెల్లదట. ఇక దుకాణం అన్నాచెల్లెళ్ళిద్దరికీ చెరిసగం. అన్నయ్య అమ్మేద్దామంటే నేను గది ఖాళీ చేయాల్సిందే. ప్లీడరు ఇదంతా నెమ్మదిగా చెప్పాడు. నాకు అర్థమైంది, కానీ ఎవరి సంగతో వింటున్నట్టు ఉంది. వదిన ఈసారి ముందుకి వంగింది. అన్నయ్య ఆ కాగితం అడిగి తీసుకుని, రెండుసార్లు చదివి, బయటికి రమ్మని నాకు సైగ చేశాడు.

మెట్ల మీద నిలబడ్డాం. అమ్మేద్దాం అంటాడనుకున్నాను. గది ఎప్పటిలోగా ఖాళీ చేయాలో అడుగుదామని నోరు తెరిచాను.

"ఇందులో నా పేరే లేదే," అన్నాడు. "ఫలానావాడు నా కొడుకు, వాడికేమీ ఇవ్వటం లేదు అని కూడా రాయలేదు."

నిజమే. అంత శ్రద్ధగా చదివినదాన్ని, అది నా కంట పడలేదు.

"ఆ అప్పు దేనికి చేశాడు?"

అమ్మ పోయేముందు ఆసుపత్రి ఖర్చులకని చెప్పాను. నీకు చెప్పొద్దని నాన్న అన్నాడని కూడా చెప్పాను. అన్నయ్య కాగితం మడిచి నా చేతికిచ్చాడు.

"దుకాణం అమ్మొద్దు. నువ్వే నడుపుకో, అందులో నాకు పైసా వద్దు. కానీ సగం నా పేరున ఉండాలి. అప్పులోనూ సగం నాదే."

"నువ్వు కట్టక్కర్లేదని ప్లీడరు చెప్పాడు కదరా."

"కట్టక్కర్లేదని నాకూ తెలుసు. ఆవిడ నాక్కూడా అమ్మే కదే."

నా నిలువనీడ నాకు దక్కింది. సంతోషించాల్సిన మాట. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. కొడుకుననిపించుకోవడానికి వాడు అప్పు అడిగి తీసుకోవాల్సి వచ్చింది. అంతదాకా తెచ్చింది నాన్న ఒక్కడే కాదు.

పైకి వెళ్ళి, ఏం రాసినా అన్నయ్య పేరు ముందు రాయమని ప్లీడరుతో చెప్పాను.