కాయిల్ మాస్టారి ఇంటికి పవర్ యాంప్

ఆయన్ని అందరూ కాయిల్ మాస్టారు అనేవారు. బడిలో పాఠాలేమీ చెప్పలేదు. కాలిపోయిన స్పీకరు కాయిల్ మళ్లీ చుట్టాలంటే ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. తలుపంత వెడల్పున్న కొట్లో ముప్పై ఏళ్లు కూర్చుని, వెంట్రుకంత రాగితీగని కాగితపు గొట్టం మీద వరస తప్పకుండా చుట్టారు.

పోయిన వేసవిలో పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. అంతకంటే ఘోరం, మాట పోయింది. ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది: "బాగుంది." ఆకలేసినా బాగుంది, నడుం నొప్పెట్టినా బాగుంది, దోమ కుట్టినా బాగుంది. అవునని తలూపబోతే తల అడ్డంగా తిరిగేది. ఎడమచేత్తో రాయిస్తే పిచ్చిగీతలొచ్చాయి.

"లోపల అన్నీ తెలుస్తుంటాయమ్మా, బయటికి రావడానికే దారి లేదు" అన్నాడు డాక్టరు. ఇంట్లోవాళ్లు ఆ మాట విన్నారు, తలూపారు. నాలుగు నెలలు గడిచేసరికి ఆయనకి ఏమీ తెలియదన్నట్టే మసలడం అలవాటైపోయింది. తప్పు వాళ్లది కాదు. పొద్దస్తమానం బాగుంది బాగుంది అనే మనిషి లోపల ఏముందో ఎవరు మాత్రం వెతుకుతారు?

హాల్లో నడుమెత్తు స్పీకర్లు రెండున్నాయి. చెక్క కోసిందీ, కాయిల్ చుట్టిందీ మాస్టారే. కూతురు పుట్టిన ఏడాది మొదలుపెట్టి అది నడక నేర్చేనాటికి పూర్తి చేశారు. వాటికి తగిలించిన పాత యాంప్లిఫయరు మాత్రం నీరసంది. "పక్కన వేరే పవర్ యాంప్ ఒకటి పెడితేగానీ వీటి గొంతు విప్పుకోదు. చూద్దాం" అనేవారు. ఊరందరి పనుల మధ్య సొంతపనికి ఎప్పుడూ తీరిక చిక్కలేదు.

అల్లుడికి ఆ మాట గుర్తుండిపోయింది. అతను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. మెత్తటి మనిషి. మామగారంటే ప్రాణం. ఒక ఆదివారం పొద్దున్నే పెద్ద అట్టపెట్టెని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ఆయాసపడుతూ వచ్చాడు.

"మామయ్యా, ఏం తెచ్చానో చెప్పుకోండి చూద్దాం! మీరు ఎప్పుడూ అనేవారే, పవర్ యాంప్!"

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాగుంది" అన్నారు. చాన్నాళ్ల తర్వాత ఆ మాట అనాలనుకునే అన్నారు.

ఆయన కుర్చీని ఎదురుగా జరిపి, అల్లుడు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఫోన్లో నాలుగైదు వీడియోలు చూసొచ్చినట్టున్నాడు, మాంచి హుషారుగా ఉన్నాడు.

"పాతదాన్ని తీసెయ్యం మామయ్యా. సౌండ్ తగ్గించడం, పెంచడం దాని పని. ఇక్కడి నించి ఆ పాటని ఈ కొత్తదానికి పంపిస్తాం. దీని పనల్లా బలమివ్వడం. చూశారా, దీనికి నాబ్ కూడా లేదు. ఎంతొస్తే అంతకి పదింతలు చేసి స్పీకర్లకి తోసేస్తుంది."

చెప్పినదంతా అక్షరాలా నిజం. ఫర్వాలేదే, కుర్రాడికి బానే బోధపడిందనుకున్నారు మాస్టారు. స్పీకరు వైర్లు పాతదాని నించి పీకి కొత్తదానికి బిగించాడు. అదీ సరిగ్గానే ఉంది. తర్వాత పాతదాన్ని వెనక్కి తిప్పాడు.

వెనక రెండు జతల సాకెట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒక జత నాబ్ మాట వింటుంది, ఎంత తిప్పితే అంతే సౌండ్ బయటికి పంపుతుంది. రెండోది టేపు రికార్డింగుకి. దానికి నాబ్‌తో సంబంధం లేదు, పాటని ఎప్పుడూ నిండుగానే వదులుతుంది. కింద రాసిన అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. మాస్టారికి ఆ అక్షరాలతో ఎన్నడూ పనిపడలేదు. అల్లుడు ఒక్క క్షణం తటపటాయించి వైరుని టేపు సాకెట్లోకి గుచ్చాడు.

అది తప్పు సాకెట్టని మాస్టారు చూశారు. అడ్డూ ఆపూ లేని సౌండ్ వెళ్లి, నాబే లేని కొత్తదాంట్లో పడుతుంది. స్పీకర్లు ఎంతసేపు ఆగుతాయి?

"బాగుంది!" అని అరిచారు.

"బాగుంది కదా మామయ్యా?" అల్లుడు మొహం వెలిగిపోయింది.

"బాగుంది! బాగుంది! బాగుంది!"

వంటింట్లోంచి కూతురు తొంగిచూసింది. "అమ్మా, ఇటు రా! నాన్న ఎంత సంబరపడిపోతున్నాడో చూడు!"

ఆయన ఎడమచెయ్యి చాచి సాకెట్టు వైపు చూపించారు. చేతికి అందినంత దూరం చూపించారు. అల్లుడు దాని వైపు చూసి, "ఆఁ, ఆఁ, అదే, పెట్టేశా!" అని బొటనవేలు పైకెత్తాడు. మాస్టారు మంచికాలితో స్టూలుని తన్నారు. మీదున్న గ్లాసు పడి నీళ్లు నేలంతా పారాయి. భార్య పరుగున వచ్చింది.

"సంతోషం పట్టలేకపోతున్నారు. బీపీ పెరిగితే మళ్లీ నా ప్రాణానికి వస్తుంది. కాస్త నెమ్మదించండి" అంటూ పక్కన చతికిలబడి, ఆయన ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. చెప్పినమాట వినే చెయ్యి ఆయనకి అదొక్కటే. విడిపించుకోబోయారు. ఆవిడ ఇంకా ప్రేమగా నొక్కింది.

"ఎందుకైనా మంచిది, సౌండ్ సున్నాలో పెట్టి మొదలెడతా" అని అల్లుడు నాబ్‌ని చివరిదాకా తగ్గించాడు. పాట పెట్టి, కొత్తదాని స్విచ్ వేశాడు.

పాట రాలేదు. గోడ కూలినట్టు చప్పుడొచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి, కూతురు చెవులు మూసుకుని కూలబడింది. అల్లుడు నాబ్ పట్టుకుని తగ్గించబోయాడు. అది సున్నాలోనే ఉంది. ఇంకా తిప్పాడు, తిరగని చోటికి తిప్పాడు. ప్లగ్గు పీకాలని తట్టేసరికి చప్పుడు దానంతటదే గరగరమని, గీసుకుపోయి, ఆగిపోయింది. స్పీకర్లలోంచి సన్నగా పొగ. కాయిల్ తీగ మీది వార్నీషు మాడిన వాసన హాలంతా కమ్మింది. మాస్టారు ముప్పై ఏళ్లు ఊళ్లోవాళ్ల స్పీకర్ల దగ్గర పీల్చిన వాసనే అది.

సాయంత్రం మాస్టారి పాత స్నేహితుడు వచ్చాడు. టీవీలు బాగుచేసే మనిషి, అందరూ బక్కాయన అంటారు. టార్చి వేసి వెనక చూడగానే నాలిక కరుచుకున్నాడు.

"ఇది టేపు సాకెట్టయ్యా! మాస్టారు ఎదురుగా కూర్చునుండగా ఇందులో ఎలా పెట్టారు? ఆయన ఏమీ అనలేదా?"

భార్య తన చేతులు చూసుకుంది. కూతురు వచ్చి తండ్రి మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"నాన్నా, వద్దంటున్నావా నువ్వు? అందుకేనా అరిచింది?"

ఆయన నోరు తెరిచారు. ఏమొస్తుందో తెలుసు గనక మళ్లీ మూసుకున్నారు. అల్లుడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి పిలిచి, పోనీలే నాయనా, నువ్వు తెచ్చావు, అదే చాలు అనాలనిపించింది మాస్టారికి. ఆ ముక్క లోపల పూర్తిగా తయారై ఉంది. గొంతు దాకా కూడా రాలేదు.

"కాయిల్స్ రెండూ మాడిపోయాయి" అన్నాడు బక్కాయన. "వీటిని చుట్టగలిగినవాడు ఒక్కడే, ఆ కుర్చీలో ఉన్నాడు. నాకు చేతనైనట్టు నేను చుడతా."

మూడు వారాలు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం స్పీకర్లు తిరిగొచ్చాయి. ఈసారి అల్లుడు ఒక్కో వైరూ మాస్టారికి చూపించి, ఆయన వేలు ఏ సాకెట్టు మీద ఆగితే అందులోనే పెట్టాడు. పాట మొదలైంది. నిండుగా, బలంగా వచ్చింది. కూతురు ఏడుస్తూ నవ్వింది. బక్కాయన తలెత్తి, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా మాస్టారి మొహం చూశాడు.

కుడి స్పీకర్లో, కింది స్వరం వచ్చినప్పుడల్లా, కాయిల్ అంచు ఒరుసుకుంటోంది. గోటితో కాగితం గీరినంత చిన్న చప్పుడు. అది ఇంకెవరికీ వినపడటం లేదు. అలాగే పెద్దగా వాడితే ఏడాది తిరక్కుండా మళ్లీ మాడుతుంది. దాన్ని సరిచెయ్యడానికి పావుగంట చాలు, రెండు చేతులుంటే.

"సరిగ్గా ఉందా మామయ్యా?" అల్లుడు భయంభయంగా అడిగాడు.

మాస్టారు కాసేపు నలుగురి మొహాలూ చూశారు. తర్వాత ముందుకి వంగి, ఎడమచేత్తో నాబ్‌ని నెమ్మదిగా తగ్గించి, ఆ ఒరుపు వినపడని చోట ఆపి, వెనక్కి వాలారు.